ఉబ్బిన సిర, గట్టి గడ్డ: యువకులు తెలిసికొనవలసిన భేదము

ఒక యువకుని ఊహింపుడు. వయస్సు 20 సంవత్సరములు. పోలీసు ఉద్యోగమునకై ఏడాదిపాటు తెల్లవారుజామున లేచి ఊరి చెరువుగట్టు మీద పరుగెత్తి అభ్యాసము చేసినవాడు. పరుగులో నెగ్గెను, వ్రాతపరీక్షలో నెగ్గెను. తుదకు వైద్యపరీక్ష నాడు వైద్యుడు అతనిని నిలువబెట్టి, దగ్గుమని చెప్పి, వృషణకోశమును చేతితో తడవి చూచి, కాగితముపై ఒక మాట వ్రాసెను. 'వెరికోసీలు' అను ఆ మాటను అతడు అంతకు ముందెన్నడును విని యెరుగడు. అర్థమడుగుటకు సిగ్గుపడెను, వెనుక వరుసలో మరికొందరు నిలిచియుండిరి.

ఆ రాత్రి ఫోనులో వెదకగా ఒకచోట సంతానము కలుగదనియు, వేరొకచోట క్యాన్సరు కావచ్చుననియు కనబడెను. మరునాడు స్నేహితునితో చెప్పగా, "అది నరాల జబ్బురా, పెండ్లికి పనికిరావు" అని అతడు తేల్చివేసెను. తండ్రితో చెప్పుటకు నోరు రాలేదు. తల్లితో చెప్పుట అసలే పొసగలేదు. ఆరు మాసములు గడచిపోయెను.

ఇట్టి కథ అనేక గృహములలో నడచుచునే యున్నది. ఆ యువకునకున్నది సిరల ఉబ్బు మాత్రమే గనుక ఆ ఆరు మాసములలో అతని దేహమునకు పెద్ద కీడు జరుగలేదు. నిద్రయు ఆకలియు మాత్రము పోయెను. అదే సిగ్గుతో, అదే మౌనముతో, మరియొక యువకుడు వృషణములోని గట్టి గడ్డను ఆరు మాసములు దాచుకొనిన యెడల ఫలితము వేరుగా నుండును. ఈ రెండింటి భేదమును తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. కంటికి కనబడి, చేతికి తగిలి భయపెట్టునది సామాన్యముగా ప్రమాదకారి కాదు. నొప్పి లేక నిశ్శబ్దముగా పెరుగునది ఉపేక్షింపదగినది కాదు.

నరము కాదు, సిర

మన వాడుక భాషలో 'నరము' అను మాటకు రెండర్థములు కలవు. స్పర్శను, ఆజ్ఞలను మోయు నాడులను నరములందుము. చేతిమీద నీలముగా తేలి రక్తమును మోయు సిరలను గూడ నరములనియే అందుము. ఈ ఒక్క మాట వలన ఎంతో చిక్కు కలుగుచున్నది. వృషణములపైని 'నరములు ఉబ్బినవి' అని వినినవాడు, గోడలమీది ప్రకటనలలో తాను చదివిన 'నరముల బలహీనత' ఇదియే కాబోలునని తలచును. దానినుండి పురుషత్వహాని, దానినుండి పెండ్లికి అనర్హత అని ఆలోచన పరుగులిడును. వాస్తవమునకు ఇందు నాడులకు ఏ సంబంధమును లేదు. ఉబ్బినవి సిరలు, అనగా చెడురక్తమును గుండెవైపు తిరిగి చేర్చు గొట్టములు.

వృషణమునుండి బయలుదేరు చిన్న చిన్న సిరలు తీగల అల్లికవలె ఒక జాలముగా ఏర్పడి, గజ్జలగుండ పైకిపోయి ఒకే సిరగా కలియును. మనిషి నిలిచియున్నపుడు రక్తము దిగువనుండి మీదికి ఎక్కవలెను. ఎక్కిన రక్తము మరల జారిపోకుండ సిరలలో చిన్న కవాటములు ఉండును. ఆ కవాటములు సరిగా మూసికొననపుడు రక్తము వెనుకకు జారి, దిగువ సిరలు ఉబ్బి మెలికలు తిరుగును. చిరకాలము నిలిచి పనిచేయువారి పిక్కలలో సిరలు ఉబ్బుట అందరు ఎరిగినదే. ఇదియు ఆ జాతికి చెందినదే. చోటు మాత్రము వేరు.

ఈ ఉబ్బు సాధారణముగా యౌవనారంభమున కనబడును. పురుషులలో 100 మందికి సుమారు 15 మందికి ఇది కలదు. అనగా 40 మంది బాలురున్న కళాశాల తరగతిలో ఐదారుగురికి ఉండవచ్చును. వారిలో పలువురు ఆ సంగతియే ఎరుగకుండ జీవితము గడుపుదురు.

ఎడమవైపుననే ఏల?

ఈ ఉబ్బు అత్యధికముగా ఎడమవైపుననే కలుగును. కారణము శరీరనిర్మాణములోనే ఉన్నది. కుడి వృషణపు సిర ఉదరములోని మహాసిరలోనికి ఏటవాలుగా, సుళువుగా చేరును. ఎడమ సిర అంతకంటె పొడవైనది. అది ఎడమ మూత్రపిండపు సిరలో నిట్టనిలువుగా పోయి కలియును. పొలము కాలువ పెద్ద కాలువలో ఏటవాలుగా కలిసినచో నీరు సాఫీగా సాగును. అడ్డముగా కలిసినచో వెనుకకు తన్నును. ఎడమవైపు రక్తమునకు జరుగునది ఇట్టిదే.

చిన్ననాటి తప్పులవలన, హస్తప్రయోగమువలన ఈ సిరలు ఉబ్బునని ఒక పాత నమ్మకము కలదు. దానికి ఆధారము లేదు. ఇది ఎవరి నడవడికకును శిక్ష కాదు. అపరాధభావముతో క్రుంగుచున్న యువకులు ఈ వాక్యమును రెండుమారులు చదువవలెను.

ఇది క్యాన్సరుగా మారునా?

మారదు. ఉబ్బిన సిర రక్తముతో నిండిన గొట్టము. క్యాన్సరు కణములు అదుపుతప్పి పెరిగిన గడ్డ. మొదటిది రెండవదిగా మారుట జరుగదు.

ఆ యువకుని కథయందు తరువాయి భాగము ఇది. అతడు అన్నము సరిగా తినకుండుట గమనించి అక్కమగడు విషయము రాబట్టి, జిల్లా ఆసుపత్రికి తీసికొనిపోయెను. వైద్యుడు మొదట నిలువబెట్టి పరీక్షించెను. ఎడమవైపున మెత్తని త్రాళ్ళ చుట్టవలె సిరలు చేతికి తగిలెను. పిమ్మట, "బల్లమీద పడుకో బాబూ" అనెను. పడుకొనిన కొంతసేపటికి ఆ చుట్ట దాదాపు మాయమయ్యెను. "చూచితివా? క్యాన్సరు గడ్డ అయినచో నీవు పడుకొన్నంతమాత్రమున కరగిపోదు. ఇది రక్తము, పల్లమునకు పోయి నిండుచున్నది, పడుకొనగనే తిరిగి పోవుచున్నది" అని వైద్యుడు చెప్పెను. ఆరు మాసముల బాధ ఆరు నిమిషములలో తీరెను.

అయినను వైద్యులు జాగ్రత్తగా చూచు సందర్భములు కొన్ని కలవు. నడివయస్సు దాటినవారిలో ఈ ఉబ్బు హఠాత్తుగా కనబడినను, కుడివైపున మాత్రమే ఏర్పడినను, పడుకొన్నను ఏ మాత్రము తగ్గకున్నను, ఉదరములో ఏదేని గడ్డ, ముఖ్యముగా మూత్రపిండపు గడ్డ, ఆ సిరను అడ్డగించుచున్నదేమో పరీక్షింతురు. అప్పుడును సిర క్యాన్సరు కాలేదు. లోపలి అడ్డంకిని సూచించుచున్నది. ఇది అరుదు. యువకునకు ఎడమవైపున ఏర్పడి, పడుకొనగనే తగ్గు ఉబ్బునకు ఈ భయము సామాన్యముగా వర్తింపదు.

సంతానము మాట

ఈ సిరల ఉబ్బు గలవారిలో అత్యధికులు తండ్రులగుచున్నారు. అయితే కొందరిలో ఇది బీజోత్పత్తిని తగ్గించుట నిజము. వృషణములు దేహమునకు వెలుపల ఉండుటకు కారణము కలదు: బీజకణములు చక్కగా తయారగుటకు దేహోష్ణముకంటె సుమారు 2, 3 డిగ్రీలు తక్కువ వేడిమి కావలెను. నిలిచిపోయిన రక్తము ఆ చల్లదనమును చెరచును. సంతానము లేదని వైద్యుల కడకు వచ్చు పురుషులలో 100కి సుమారు 35 మొదలు 40 మందికి ఈ ఉబ్బు కనబడును.

కాబట్టి తొందరపాటును వలదు, ఉపేక్షయు వలదు. నొప్పి లేక, వృషణము పరిమాణము తగ్గక యున్నచో వైద్యుడు అప్పుడప్పుడు చూచుటయే చాలును. ఎక్కువసేపు నిలిచినపుడు బరువుగా, మందముగా నొప్పియున్న యెడల బిగుతైన లంగోటా వంటి ఆధారము మేలు చేయును. పెరుగుచున్న బాలునిలో ఆవైపు వృషణము రెండవదానికంటె చిన్నదిగా నిలిచిపోయినపుడును, నొప్పి విడువనపుడును, వివాహానంతరము సంతానము ఆలస్యమై వీర్యపరీక్షలో లోపము కనబడినపుడును శస్త్రచికిత్సను ఆలోచింతురు. సూక్ష్మదర్శిని సాయముతో ఉబ్బిన సిరలను కట్టివేయుట ఒక పద్ధతి. సన్నని గొట్టముద్వారా లోపలినుండి సిరను మూసివేయుట మరియొకటి. బీజకణము తయారగుటకు రెండు నెలలకు పైగా పట్టును; అందుచేత చికిత్సానంతరము ఫలితమును మూడు మాసములకు గాని పరీక్షింపరు.

నిజముగా జాగ్రత్తపడవలసినది

ఇక రెండవ విషయము. వృషణపు క్యాన్సరు అరుదైన వ్యాధి. మనదేశమున ఏటా లక్షమంది పురుషులలో ఒక్కరికంటె తక్కువమందికి ఇది వచ్చును. నార్వే, డెన్మార్కు దేశములలో లక్షకు సుమారు 10 మందికి కలుగుచున్నది. అరుదైనను దీనికొక విశేషము కలదు. తక్కిన క్యాన్సరులు పెక్కు వృద్ధాప్యమున వచ్చును; ఇది ముఖ్యముగా 15 మొదలు 40 సంవత్సరముల లోపు వయస్సున వచ్చును. ఉద్యోగము వెదకుకొను వయస్సు, పెండ్లి సంబంధములు చూచు వయస్సు, సిగ్గు ఎక్కువగా నుండు వయస్సు.

దీని మొదటి గుర్తు సామాన్యముగా నొప్పి కాదు. వృషణములోనే, బఠాణీ గింజవంటి గట్టి గడ్డగాని, ఒక వృషణము క్రమముగా పెద్దదై బరువెక్కుటగాని కనబడును. నొప్పి లేదు గనుక పలువురు ఉపేక్షింతురు. మన యువకులు నొప్పిపెట్టు సిరకు భయపడి, నొప్పిపెట్టని గడ్డను మరచుచున్నారు. అట్టి గడ్డ ఉండినను పొత్తికడుపులో మందమైన బరువు కొందరికి తోచవచ్చును. వ్యాధి వ్యాపించిన పిదప నడుమునొప్పి, విడువని దగ్గు, మెడలో గ్రంథుల వాపు కలుగవచ్చును. అంతవరకు వేచియుండరాదు.

ఎవరికి ఈ అపాయము కొంత ఎక్కువ? పుట్టినపుడు వృషణము కోశములోనికి దిగనివారికి, తండ్రికిగాని సోదరునికిగాని ఈ వ్యాధి వచ్చినవారికి, ఒకవైపున ఇదివరకే వచ్చినవారికి. కావున మగశిశువునకు రెండు వృషణములును కోశములో ఉన్నవా లేవా అని తల్లిదండ్రులు చూడవలెను. ఆరు మాసములు దాటినను దిగకున్న యెడల వైద్యునికి చూపి, ఒకటిన్నర సంవత్సరము లోపల శస్త్రచికిత్స చేయించుట మేలు. "పెద్దవాడైన తరువాత అదే దిగును" అని కాలము గడపరాదు. ఇక దెబ్బ తగులుటవలన, సైకిలు త్రొక్కుటవలన క్యాన్సరు వచ్చుననుట సరికాదు. దెబ్బ తగిలిననాడు తడవి చూచుకొనుటవలన అంతకుముందే యున్న గడ్డ బయటపడుట మాత్రము కలదు.

తన దేహమును తానెరుగుట

ఈ వ్యాధి అరుదైనందున ప్రతి పురుషుడును క్రమము తప్పక పరీక్ష చేసికొనితీరవలెనని వైద్యసంస్థలన్నియు చెప్పుటలేదు. దినదినము తడవుకొనుచు బెంగపడుటవలన లాభము లేదు. కాని తన దేహపు సహజస్థితిని ఎరిగినవాడు మార్పును వెంటనే గుర్తించును. గోరువెచ్చని నీటితో స్నానము చేసిన పిదప, కోశము వదులుగా నున్నపుడు, ఒక్కొక్క వృషణమును బొటనవ్రేలికిని తక్కిన వ్రేళ్ళకును నడుమ మెల్లగా దొర్లించి చూడవచ్చును. ఉడికించి పెంకు తీసిన చిన్న గ్రుడ్డువలె నునుపుగా, కొంచెము మెత్తగా నుండుట సహజము. వెనుకవైపున మెత్తని త్రాడువంటి భాగము తగులును; అది బీజకణములను మోయు నాళము, గడ్డ కాదు. ఒక వృషణము కొంచెము పెద్దదిగా నుండుటయు, ఎడమది కొంచెము క్రిందికి వ్రేలాడుటయు సహజమే.

ఉబ్బిన సిరలు వృషణమునకు పైన, వెలుపల తగులును, మెత్తగా నుండును, పడుకొనిన తగ్గును. గడ్డ వృషణములోనే యుండును, గట్టిగా నుండును, నిలిచినను పడుకొన్నను ఒకే తీరున నుండును. అయినను తీర్పు చెప్పవలసినది వైద్యుడే. గట్టిదనము తోచిన యెడల నొప్పి కొరకు వేచియుండక కొలది దినములలోనే వైద్యుని చూడవలెను.

కోస్తా జిల్లాలలో పలువురెరిగిన వరిబీజము వేరొకటి. అది కోశములో నీరు చేరుట. బోదవ్యాధిని కలిగించు క్రిములు అందుకొక కారణము. చీకటిగదిలో టార్చిలైటు ఆనించినచో నీరుగల కోశము ఎఱ్ఱగా వెలుగును, గడ్డ వెలుగదు. యువకునకు క్రొత్తగా నీరు చేరినపుడు మాత్రము దాని చాటున గడ్డ లేదని అల్ట్రాసౌండు పరీక్షతో నిశ్చయించుకొనుట మంచిది.

ఇంకొక హెచ్చరిక. హఠాత్తుగా భరింపరాని నొప్పి, వాపు, వాంతి కలిగినచో వృషణము మెలిపడి రక్తప్రసారము నిలిచియుండవచ్చును. అప్పుడు 6 గంటలలోపల శస్త్రచికిత్స జరిగిననే వృషణము దక్కుటకు మంచి అవకాశము. తెల్లవారనిమ్మని ఊరకుండరాదు.

వైద్యశాలలో జరుగునది

గడ్డ యని అనుమానము కలిగిన యెడల మొదట అల్ట్రాసౌండు పరీక్ష చేయుదురు. దీనియందు నొప్పి లేదు. రక్తములో కొన్ని పదార్థముల కొలతను చూతురు. అనుమానము బలపడినచో గజ్జలోని గాటుద్వారా ఆ వృషణమును తీసివేయుదురు. "ముందు సూదితో ముక్క తీసి చూడరాదా?" అని కొందరడుగుదురు. కోశముగుండ సూది గుచ్చినచో వ్యాధికణములు వెదజల్లబడు అపాయము కలదు గనుక అట్లు చేయరు. రెండవ వృషణము ఆరోగ్యముగా నున్న యెడల పురుషత్వమునకును సంతానమునకును సామాన్యముగా అదియే చాలును. పిమ్మట మందుల చికిత్స అవసరమైనచో ముందుగానే వీర్యమును భద్రపరచుకొనుటను గూర్చి వైద్యునితో మాటలాడవలెను.

నేడు ఈ క్యాన్సరును చూచి నిరాశ చెందవలసిన పనిలేదు. ఒకప్పుడు దేహమంతట వ్యాపించిన ఈ వ్యాధితో వచ్చిన యువకులలో అత్యధికులు మరణించెడివారు. 1965లో అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు విద్యుత్తు ప్రభావమును సూక్ష్మజీవులపై పరీక్షించుచుండగా, ప్లాటినము లోహమునుండి పుట్టిన పదార్థము కణవిభజనను ఆపుచున్నదని గమనించెను. దానినుండి సిస్‌ప్లాటిన్ అను మందు వచ్చెను. 1974లో ఇండియానా విశ్వవిద్యాలయమున వైద్యుడు లారెన్స్ ఐన్‌హార్న్ దానిని మరి రెండు మందులతో కలిపి వ్యాపించిన వృషణపు క్యాన్సరునకు ఇచ్చెను. నిరాశ వదలుకొన్న రోగులు కోలుకొనిరి. నేడు అమెరికాలో ఈ వ్యాధి వచ్చినవారిలో 100కి సుమారు 95 మంది ఐదు సంవత్సరములు దాటి జీవించుచున్నారు. వ్యాధి వృషణము దాటకముందే వచ్చినవారికి ఫలితము ఇంకను మేలు.

మనదేశమునను ఈ చికిత్స కలదు. 1941లో వెలసిన ముంబయి టాటా స్మారక వైద్యశాల, 1954లో ఆరంభమైన చెన్నై అడయారు క్యాన్సరు సంస్థ, 1955 నుండి నడచుచున్న హైదరాబాదు మెహదీ నవాజ్ జంగ్ సంస్థ మొదలగునవి క్యాన్సరు చికిత్సకు ప్రసిద్ధములు. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకమున అర్హతగల కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స లభించును. 10 మొదలు 19 సంవత్సరముల వయస్సువారు, 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమము క్రింద నడచు కిశోర ఆరోగ్య కేంద్రములలో తమ సందేహములను రహస్యముగా అడుగవచ్చును.

ప్రకటనలకు లోబడకుడు

బస్సుస్టాండు గోడలమీద, ఫోను తెరమీద "నరముల బలహీనత, ఒక్క కోర్సులో నయము" అను ప్రకటనలు తరచు కనబడును. వారు అమ్మునది మందు కాదు. మీ భయమునే తిరిగి మీకు అమ్ముచున్నారు. లేపనములతో, చూర్ణములతో ఉబ్బిన సిర కవాటములు బాగుపడవు, గడ్డ కరగదు. క్యాన్సరును, వరిబీజమును నయము చేయుదుమని మందులను ప్రకటించుటను 1954 నాటి ఔషధ, మాంత్రిక చికిత్సల ఆక్షేపణీయ ప్రకటనల చట్టము నిషేధించుచున్నది. ధనము పోవుట ఒక నష్టము. గడ్డగలవానికి కాలము పోవుట అంతకంటె పెద్ద నష్టము.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. నిలిచినపుడు ఉబ్బి, పడుకొన్నపుడు తగ్గు మెత్తని సిరల చుట్ట క్యాన్సరు కాదు. ఒకసారి వైద్యునికి చూపుట చాలును.

2. వృషణములోనే గట్టిగా తగులు గడ్డను, నొప్పి లేకున్నను, కొలది దినములలో వైద్యునికి చూపవలెను.

3. హఠాత్తుగా తీవ్రమైన నొప్పి కలిగినచో ఆ గంటలోనే ఆసుపత్రికి పోవలెను.

4. మగశిశువునకు వృషణములు దిగినవో లేవో చూచుట తల్లిదండ్రుల బాధ్యత.

తుదకు పెద్దలకు ఒక మాట. కొడుకు జ్వరమని చెప్పిన వెంటనే నుదురు తడవి చూతుము. పంటినొప్పి యనిన లవంగము ఇత్తుము. ఈ ఒక్క అవయవమును గూర్చి మాత్రము వాడు నోరెత్తకుండునట్లు పెంచుచున్నాము. తండ్రిగాని, అన్నగాని, బావగాని, మేనమామగాని ఒకనాడు ప్రక్కన కూర్చుండి, "అక్కడ ఎప్పుడైన గడ్డగాని వాపుగాని తోచినచో నాతో చెప్పు, ఇద్దరము కలిసి పోయి చూపించుదము" అని చెప్పిన చాలును. ఆ మాట వినిన యువకుడు ఫోను తెరముందు రాత్రులు గడపడు. వైద్యుని ముందు కూర్చుండును.